ఫ్రెంచి క్రియారూపాలలో అక్షర విభజన, ఊనిక

ఫ్రెంచి భాషలో ఊనిక, అనగా ఉచ్చారణలో ఒక అక్షరంపై పడే బలం, పదసమూహంలో పలికే చివరి అక్షరంపై పడుతుంది. ఇంగ్లీషులోవలె ప్రతి పదానికీ విడిగా స్థిరమైన ఊనిక ఉండదు. ఇక్కడ అక్షరమనగా వ్రాసే గుర్తు కాదు. ఒక అచ్చు చుట్టూ ఒక్క ఊపులో పలికే ధ్వనుల సముదాయం. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం మూలంగా తెలుగువారికి ఈ భాష కొత్తది కాదు.

అక్షర విభజన

మార్కాపురం, గిద్దలూరు అనే పేర్లను మా-ర్కా-పు-రం, గి-ద్ద-లూ-రు అని వ్రాస్తాము. పలికేది మార్-కా-పు-రం, గిద్-ద-లూ-రు అని. ఛందస్సులో ద్విత్వానికి ముందున్న 'గి' గురువగుటకు కారణమిదే. ఫ్రెంచిలో 'పర్లే' (మాట్లాడుట) కూడా పర్-లే అని విడుతుంది. కాని 'ఊవ్రీర్' (తెరచుట) ఊ-వ్రీర్ అవుతుంది. వకార రేఫలు విడిపోవు. 'దొనే' (ఇచ్చుట) వ్రాతలో రెండు నకారాలున్నా ఉచ్చారణ దొ-నే మాత్రమే. మన అలవాటు చొప్పున ద్విత్వంగా పలుకరాదు.

ఊనిక

'నేను మాట్లాడుతాను', 'వారు మాట్లాడుతారు' అనుటకు వ్రాతలో ప్రత్యయాలు వేరు. అయితే వాటిలోని ఎకారం మూగది కనుక రెండు చోట్లా క్రియ 'పర్ల్' అనే ఏకాక్షరమే. ఊనిక ధాతువుపై నిలుస్తుంది. 'పర్లోఁ' (మాట్లాడుతాము)లో అది ప్రత్యయానికి జరుగుతుంది.

విద్యార్థులు అపవాదాలని వల్లె వేసే అనేక రూపాలకు మూలం ఈ జరుగుబాటే. లాటిను నుండి ఫ్రెంచి ఏర్పడేటప్పుడు, ఊనిక పడిన ధాత్వచ్చు ఒక విధంగాను పడనిది మరొక విధంగాను మారింది. అందుచేతనే 'వ్యాఁ' (వస్తాను) - 'వనోఁ' (వస్తాము), 'బ్వా' (త్రాగుతాను) - 'బువోఁ' (త్రాగుతాము) అనే జంటలు మిగిలాయి. 'ప్రేమించుట' అనే క్రియకు కూడా ప్రాచీన ఫ్రెంచిలో రెండు ధాతురూపాలుండేవి. పిమ్మట ఒకటే నిలిచింది. 'కొనుట'లో ఈ సూత్రం నేటికీ చెవికి వినబడుతుంది: 'అషెత్' (కొంటాను)లో ఊనిక తగిలిన ఎకారం స్పష్టంగా పలుకుతుంది, 'అష్తోఁ' (కొంటాము)లో మాయమవుతుంది. ఇటువంటి క్రియలను పట్టికగా బట్టీపట్టుట కంటే ఊనిక ఎక్కడ ఉన్నదో చూచుట సులభం.

క్రియ తరువాత సర్వనామం చేరితే ఊనిక దానికి పోతుంది. 'పర్లే-వు?' (మీరు మాట్లాడుతారా?) అన్నప్పుడు బలం 'వు' మీదనే.

పద్యంలో

సంప్రదాయ ఫ్రెంచి పద్యంలో, తరువాతి పదం హల్లుతో మొదలైతే, మూగ ఎకారాన్నీ లెక్కిస్తారు. కనుక వాడుకలో ఏకాక్షరమైన 'పర్ల్' పన్నెండక్షరాల అలెగ్జాండ్రిన్ పాదంలో రెండక్షరాలు కాగలదు. దక్షిణ ఫ్రాన్సులో మామూలు మాటలలోనూ ఈ ఎకారాన్ని తరచుగా పలుకుతారు.