వెండి రూపాయలు, పందెపు లెక్కలు

పలమనేరులో ఎనిమిది జట్లు కబడ్డీ పోటీలో దిగినవనుకొనుడు. ఓడిన జట్టు వెంటనే ఇంటిదారి పట్టవలెను. కప్పు కావలెనన్న వరుసగా మూడు ఆటలు గెలువవలెను. వానిలో ఒక జట్టు మిక్కిలి బలమైనది. ప్రతి ఆటలోను దాని గెలుపునకు మూడింట రెండు పాళ్ల అవకాశము కలదు. దానిపై పందెము కాసినచో నష్టము రాదని చూపరులు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనది? రగ్బీ ఆట చరిత్ర దీనికి చక్కని సమాధాన మిచ్చును.

రగ్బీ కోలబంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. 1873లో కలకత్తాలోని బ్రిటిషువారు దీనికై ఒక క్లబ్బు నెలకొల్పిరి. కొలది యేండ్లలోనే సభ్యులు తగ్గి అది మూతపడెను. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసికొని, కరగించి, నాగుపాముల పిడులును మూతపై ఏనుగును గల కప్పును చేయించిరి. 1878లో దానిని ఇంగ్లండు రగ్బీ యూనియనునకు బహూకరించిరి. ఏటేట క్లబ్బులు నాకౌట్ పద్ధతిని దానికై పోటీపడవలెనని దాతల కోరిక. యూనియను అంగీకరింపలేదు. పోటీ ముదిరినచో వినోదపుటాట జీతపుటాట యగునని పెద్దల భయము. కావున 1879 నుండి ఆ కప్పు ఇంగ్లండు, స్కాట్లండు జట్ల పోటీకే చెందినది. ఇంగ్లండులో క్లబ్బుల జాతీయ నాకౌట్ పోటీ 1971–72లోగాని ఆరంభము కాలేదు. 1995లో ఆటగాండ్రకు జీతములును అనుమతింపబడెను.

2002–03లో ఇంగ్లండు క్లబ్బుల లీగులో గ్లాస్టర్ జట్టు 15 పాయింట్ల ఆధిక్యముతో మొదటి స్థానమున నిలిచినది. కాని విజేతను నిర్ణయించునది చివరి ప్లే-ఆఫ్ ఆట. ఆ ఒక్క ఆటలో వాస్ప్స్ జట్టు దానిని 39–3 తేడాతో ఓడించెను. ఏడాది పొడుగున చూపిన బలము ఒక్క మధ్యాహ్నములో వ్యర్థమయ్యెను.

ఇపుడు పలమనేరు పోటీకి వత్తము. మూడు గెలుపులు వరుసగా రావలెను గనుక, మూడింట రెండును మూడుసార్లు గుణింపవలెను. ఫలితము 27లో 8. మూడవవంతు కన్న తక్కువ! పందెము నడుపువాడు పది రూపాయలకు ఇరువదియైదు ఇత్తునని ఆశ చూపుననుకొనుడు. ఇట్టి పోటీలు 27 జరిగి, ప్రతిసారియు పది రూపాయలు కాసినచో ఖర్చు 270. లెక్క ప్రకారము సుమారు ఎనిమిదిసార్లు గెలుపు. చేతికి వచ్చునది 200. తక్కిన 70 రూపాయలు నడుపువాని జేబులో చేరును. ఆటలో గెలుపెవరిదైనను, దీర్ఘకాలమున లాభము వానిదే.

ఆంధ్రప్రదేశములో 1974 నాటి గేమింగ్ చట్టము పందెములను నిషేధించినది; 2020లో సవరించి ఆన్‌లైన్ పందెములను కూడ అందులో చేర్చిరి. చట్టము చెప్పుదానిని గణితమును చెప్పుచున్నది.

దీనిని తరగతిలో పైసా ఖర్చు లేకుండ పరీక్షింపవచ్చును. పాచికను మూడుసార్లు వేయుడు. ఒకటి నుండి నాలుగు వరకు పడిన గెలుపు, అయిదు ఆరు పడిన ఓటమి. మూడును గెలుపులైననే కప్పు. విద్యార్థులందరు కలిసి 270 పోటీలు జరిపి, కప్పు వచ్చిన పర్యాయములను లెక్కించిన, ఆ సంఖ్య 80కి దగ్గరగా నుండును. బలమైన జట్టుకు కప్పు ఎంత దూరమో అపుడు బోధపడును.