హాల్డేన్ మణికట్టు

అమీర్‌పేట మైత్రీవనం మొదలుకొని పంజాగుట్ట కూడలి దాకా ఎంత తిరిగినా డ్రైసూట్ అమ్మే దుకాణం ఒక్కటీ కనబడదు. కనబడవలసిన అవసరమూ లేదు. మన విశాఖ సముద్రం వెచ్చనిది. అందులో మునిగేవారికి పలుచని తొడుగు చాలు. అయినప్పటికీ ఆ వింత దుస్తు చరిత్రను గూర్చి వ్రాయడానికి నాకొక కారణమున్నది. ఈ అమీర్‌పేటలోనే కంప్యూటరు కోర్సులు చదివి, పంజాగుట్టలో రెండేళ్ళు ఉద్యోగం చేసి, ప్రస్తుతం సియాటిల్‌లో ఉంటున్న మా మేనల్లునికి సముద్రంలో మునిగే సరదా పట్టుకున్నది. ఆ ఊరి ముందున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో నీరు వేసవిలో సైతం చల్లగానే ఉంటుంది. ఏడాది పొడుగునా సుమారు 7 నుంచి 13 డిగ్రీలే. "మామయ్యా, చదువు అప్పు ఇంకా తీరలేదు. తక్కువలో మంచి డ్రైసూట్ ఏదో నువ్వే చదివి చెప్పు" అని అడిగాడు. కొత్తది కొనాలంటే సుమారు వెయ్యి డాలర్ల నుంచి మూడు వేల దాకా అవుతుందట. అంత డబ్బు పోసి కొనేదానిలో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు అన్న ప్రశ్నకు అంగడివాళ్ళ ప్రకటనలకంటె చరిత్రే నమ్మకమైన సమాధానం చెబుతుందని నాకు తోచింది.

నీరు గాలికంటె ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగివేస్తుంది. కనుక చన్నీటిలో మునిగేవాని మొదటి శత్రువు లోతు కాదు, తడి. ఆ తడిని ఆపే గుడ్డ 1823లో పుట్టింది. స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటాష్, రబ్బరును నాఫ్తాలో కరిగించి రెండు గుడ్డల నడుమ పూసి అతికించే పద్ధతికి ఆ ఏడు హక్కు పొందాడు. నేటి డ్రైసూట్లలో అధిక భాగం ఇప్పటికీ అదే సూత్రం మీద, అంటే రెండు గుడ్డలు, నడుమ రబ్బరు పొర అన్న పద్ధతిలోనే తయారవుతున్నాయి.

ఇంగ్లండులో డీన్ సోదరులు పొగలోకి వెళ్ళడానికి చేసిన శిరస్త్రాణాన్ని నీటిలోకి వెళ్ళడానికి అనువుగా మార్చారు. దానితో ఒక చిక్కు ఉండేది: మనిషి వంగితే నీరు లోపలికి వచ్చేది. జర్మనీ నుంచి లండనులో స్థిరపడిన ఆగస్టస్ సీబె 1837 ప్రాంతంలో శిరస్త్రాణాన్ని దుస్తుకు బిగించి మూసివేశాడు. 1782లో స్పిట్‌హెడ్ వద్ద మునిగిన రాయల్ జార్జ్ యుద్ధనౌక శిథిలాలను 1839 నుంచి 1843 వరకు కర్నల్ పాస్లీ పర్యవేక్షణలో తొలగించినప్పుడు ఈ దుస్తుకు పేరు వచ్చింది. అక్కడ పనిచేసిన వారిని కీళ్ళనొప్పులు, చలి పదేపదే పట్టి పీడించాయని పాస్లీ వ్రాశాడు. ఆ నొప్పులకు కారణం చలి అనే అప్పట్లో అనుకున్నారు. ఒత్తిడి తగ్గేటప్పుడు రక్తంలో పుట్టే గాలి బుడగల పని అది అని తరువాతివారు గ్రహించారు.

(ఇంచుమించు ఆ కాలంలోనే మన హైదరాబాదులో షమ్సుల్ ఉమరా అమీరె కబీర్ పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి "సిత్తయె షమ్సియా" పేరున అచ్చు వేయించాడు. అందులో నీటిని గూర్చి ఒక భాగం, గాలిని గూర్చి ఒక భాగం ఉన్నాయి. నీటి ఒత్తిడి సూత్రాలు ఈ నగరానికి నిన్నమొన్న వచ్చినవి కావని చెప్పడానికే ఈ ప్రస్తావన.)

ఆ బుడగల చిక్కును విప్పినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. మేకల మీదా, మనుషుల మీదా ప్రయోగాలు చేసి, ఆగి ఆగి పైకి రావలసిన పద్ధతిని 1908లో పట్టికలుగా ప్రకటించాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1906లో, స్కాట్లండు పశ్చిమ తీరాన నౌకాదళం వారితో కలిసి చేసిన పరీక్షలలో మనుషులు 210 అడుగుల లోతుకు దిగి క్షేమంగా తిరిగి వచ్చారు. నాకు ఆసక్తి కలిగించినది మాత్రం ఆ 210 అడుగులు కాదు. ఆ పరీక్షల సమయంలోనే తండ్రి తన పదమూడేళ్ళ కొడుకునూ నీటిలోకి దించాడు. ఆ పిల్లవాడే తరువాత జె.బి.ఎస్. హాల్డేన్‌గా లోకప్రసిద్ధుడైనవాడు.

అతనికి తొడిగినది పెద్దవాళ్ళ కొలతకు కుట్టిన దుస్తు. మన ఇళ్ళలో పెరిగే పిల్లవాడని రెండంగుళాలు వదులుగా కుట్టిస్తాము; నేల మీద దానివల్ల నష్టం లేదు. అక్కడ మాత్రం మణికట్ల దగ్గర రబ్బరు పట్టీ ఆ సన్నని చేతులను పట్టుకోలేదు. చన్నీరు లోపలికి కారి, కాళ్ళ నుంచి అంతకంతకూ పైకి వచ్చింది. పిల్లవాడు కంగారుపడకుండా గాలి కవాటాన్ని సరిచేసుకుంటూ శిరస్త్రాణంలోకి నీరు రాకుండా చూసుకున్నాడు. పైకి లాగేసరికి చలికి వణికిపోతున్నాడు. కాస్త విస్కీ పట్టించి పడుకోబెట్టారు.

మొదటి డ్రైసూట్ కొనుక్కొనేవారు తెలుసుకోవలసినదంతా ఈ చిన్న సంఘటనలోనే ఉన్నదని నా అభిప్రాయం. ఆ దుస్తు చవకదీ కాదు, పాతదీ కాదు. ఆనాటి బ్రిటిష్ నౌకాదళం వాడిన మేలైన సరుకు. విఫలమైనది గుడ్డ కాదు, కొలత. రక్షించినది దుస్తు కాదు, కవాటం తిప్పడం తెలిసిన చెయ్యి.

ఆ పిల్లవాడు పెద్దవాడైన తరువాత చలినీ ఒత్తిడినీ తన ఒంటి మీదనే పరీక్షించుకున్నాడు. 1939 జూన్ 1న లివర్‌పూల్ సమీపంలో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, అందులోనివారు తప్పించుకోలేకపోయిన కారణాలను విచారించడానికి ఒత్తిడి గదిలో కూర్చున్నాడు. మంచు కరుగుతున్న నీటిలో కూర్చొని, బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలిని పీలుస్తూ స్పృహ తప్పేదాకా ప్రయోగం చేయించుకున్నాడు. 1957లో మన దేశానికి వచ్చి కలకత్తాలోనూ, ఆపైన భువనేశ్వరులోనూ పనిచేసి, 1964 డిసెంబరు 1న కన్నుమూశాడు. ఆయన వీలునామా ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. చన్నీటిలో దుస్తు కారితే ఏమవుతుందో పదమూడేళ్ళకే అనుభవించిన ఆ మణికట్లు చివరకు గోదావరి జిల్లాకు చేరాయన్న మాట! మా మేనల్లునికి ఇది వ్రాస్తే నమ్మలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారు మానవ టార్పెడోల మీద స్వారీ చేసేవారికి స్లేడెన్ సూట్ అనే రబ్బరు దుస్తును ఇచ్చారు. పొట్ట దగ్గర ఉన్న సంచీ మూతి వంటి రంధ్రం గుండా లోపలికి దూరి, ఆ మూతిని మడిచి బిగించాలి. దానిని తొడిగినవారు ముద్దుగా పెట్టుకున్న పేరు "చెమ్మ చావు". లోపలికి ఎలా దూరాలి, దూరిన దారిని ఎలా మూయాలి అన్నదే ఆ దుస్తుల పెద్ద సమస్య. అంతరిక్ష దుస్తులకు సైతం వాడిన గాలి చొరని జిప్పు వచ్చాకనే అది తీరింది. 1960లలో స్వీడను వారి యూనిసూట్, ఆ జిప్పును, నియోప్రీన్ నురుగు గుడ్డను, గాలి నింపే కవాటాన్ని ఒకచోట చేర్చి సాధారణ ఈతగానికి అందించింది. దానికి ముందే, 1950ల మొదట్లో, అమెరికా భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నీటిని పూర్తిగా ఆపనక్కరలేని వెట్‌సూట్‌ను రూపొందించాడు. అది చవక. కాని ప్యూజెట్ సౌండ్‌లో రెండవసారి మునిగేసరికే పళ్ళు కొట్టుకుంటాయని మావాడే వ్రాశాడు.

ఇక డబ్బు సంగతి. నియోప్రీన్ సూటు ఒంటిని అంటిపెట్టుకొని తానే వెచ్చదనం ఇస్తుంది. సాధారణంగా ధర కొంత తక్కువ. కాని లోతుకు పోయేకొద్దీ దాని నురుగు నలిగి పలుచబడుతుంది, ఆరడానికి ఆలస్యమవుతుంది. మాకింటాష్ వంశానికి చెందిన మూడు పొరల గుడ్డ వెచ్చదనం ఇవ్వదు, పొడిగా మాత్రమే ఉంచుతుంది. వెచ్చదనమంతా లోపల తొడిగే ఉన్నిదో, పాలియెస్టరుదో ఇస్తుంది. నూలు మాత్రం పనికిరాదు. చెమటకు తడిసిన నూలు ఒంటికి అంటుకొని చల్లబరుస్తుంది. పత్తి పండించే దేశం వాడినైన నాకు ఈ మాట వ్రాయడం కొంచెం కష్టంగానే ఉన్నది.

నేను మావాడికి చెప్పినది ఇది: ముందు అద్దెకు తీసుకొని, డ్రైసూట్ వాడకంలో శిక్షణ పొందు. పది మీటర్ల లోతులో లోపలి గాలి సగానికి కుదించుకుపోయి దుస్తు ఒంటిని నొక్కుతుంది, అప్పుడు గాలి నింపాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది, వదలాలి. గాలి పాదాలలోకి చేరితే మనిషి తలకిందులై అదుపు తప్పి పైకి తేలిపోతాడు. ఈ విద్య రాకుండా మూడు వేల డాలర్ల సూటు తొడిగినా ప్రయోజనం లేదు. ఆ తరువాత నీ కొలతకు సరిపోయే మూడు పొరల సూటును పాతదే కొను. రంగు, పేరు, జేబుల మాట విడిచిపెట్టు. జిప్పును మాత్రం పన్ను పన్నూ చూడు. దానిని మార్పించాలంటే వందల డాలర్లవుతాయి, చవకగా దొరికిన సూటు చవక కాకుండా పోతుంది. మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే లేటెక్స్ పట్టీలు బంకగా మారినా, పగుళ్ళిచ్చినా భయపడనక్కరలేదు. అవి ఎలాగూ కొన్నేళ్ళకు మార్చవలసినవే. వాటి ఖర్చును బేరంలో తగ్గించమని అడుగు.

కారుతున్నదో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మణికట్టు పట్టీలలో సీసాలు, మెడలో ఒక బంతి దూర్చి, గాలి నింపి, సబ్బునీళ్ళు పూస్తే చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. పంజాగుట్టలో పంక్చరు వేసే కుర్రవాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి చూసే పద్ధతే ఇది. కొత్త లేటెక్స్ పట్టీ శంఖువులా సన్నగా వస్తుంది. దానిని మణికట్టుకు సరిపడేలా అంచున సన్నని వలయాలుగా కత్తిరించుకుంటూ, ప్రతిసారీ తొడిగి చూసుకోవాలి. బిగువు ఎక్కువైతే చేయి మొద్దుబారుతుంది, అప్పుడు ఇంకొక వలయం తీయవచ్చు. ఎక్కువ తీసివేస్తే మాత్రం కొత్త పట్టీ కొనుక్కోవలసిందే.