ఎండ అందరిదీ, నీడ కొందరిది

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలో పనిచేసే కూలోడి నెత్తి ఏమవుతుందో సామెత చెప్పదు. వడదెబ్బ చావుల్ని ప్రకృతి ఖాతాలో రాసి చేతులు దులుపుకునే చరిత్రను మేము ఒక్కటే అడుగుతున్నాం: ఎండ అందరి మీదా కాస్తుంది సరే, ఆ ఎండలో నిలబడి తీరాల్సింది ఎవరు?

ఒళ్లు వంచి పనిచేస్తుంటే కండరాలే వేడి పుట్టిస్తాయి. చెమట ఆరితేనే ఆ వేడి దిగుతుంది. కోస్తా ఉక్కలో చెమట కారుతుంది గానీ ఆరదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. దీన్ని ముందే ఆపొచ్చు. నీళ్లు, నీడ, విరామం ఉండాలి. కొత్తగా ఎండలోకి దిగినవాళ్లకు వారం, రెండు వారాలపాటు పని మెల్లగా పెంచాలి. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల కోసం వేడి, తేమ, ఎండ, గాలి కలిపి చూసే కొలత తయారుచేశారు. తర్వాత అది ఆటల పోటీలకూ వచ్చింది. మన పొలం గట్టు మాత్రం ఇంకా ఎక్కలేదు.

ఇక్కడ నీళ్లూ నీడా కులం చేతిలో ఉన్నాయి. బావి తాడు ముట్టే హక్కు లేని మనవాళ్లు దోసిలి పట్టి, పైనుంచి పోసేవాళ్ల కోసం దాహంతో కాచుకున్నారు. ప్రభుత్వ చెరువులు, బావులు అందరివీ అని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. అయినా మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలమంది నడవాల్సొచ్చింది. తాగినందుకు దెబ్బలు తిన్నారు. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దన్న మాదిగల మీద దాడి చేసి ఆరుగుర్ని చంపారు.

చట్టం ఏం చేసింది? 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో వేసవిలో చల్లటి నీళ్లివ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించొద్దంది. ఆ నీడ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. నాట్లకూ కోతలకూ అందలేదు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3 వేల మందికి పైగా చనిపోయారు. పనిచోట నీళ్లు, నీడ ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసుకుంది. అయినా 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 2 వేల మంది పోయారు. 2025లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలంది. మంచిదే. కానీ అది చచ్చాక వచ్చే డబ్బు. గుత్తకు పనిచేసే మనిషి నీడకు కూచుంటే ఆ పూట కూలి పోతుంది. బతికుండగా కావాల్సింది కుండెడు నీళ్లు, కూలి కోయని విరామం.

కాబట్టి వడదెబ్బ చావు రాసేటప్పుడు ఆ రోజు డిగ్రీలు రాస్తే చాలదు. చేస్తున్న పనేమిటి, నీళ్లెంత దూరం, విరామానికి కూలి కోశారా, మనిషిది ఏ వాడ అన్నవీ రాయాలి. ఈ నాలుగూ రాసిననాడు నేరాన్ని సూర్యుడి మీదికి నెట్టడం కుదరదు.