పసుపు ముద్ద, నీలం పంపు

మృగశిర కార్తె, ఉబ్బసానికి చేప మందు ఇచ్చే రోజు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. హైదరాబాద్ ధూల్‌పేట్‌లో పెద్దమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నారు మీరు. వినాయక చవితికి చాలా రోజులున్నా ఈ గల్లీలో బొమ్మల పని అప్పుడే ఊపందుకుంది. ఎదుటి షెడ్డులో ఎవరో ప్లాస్టర్ బస్తా విప్పి తొట్టిలో గుమ్మరిస్తారు. తెల్లటి దుమ్ము మీ దాకా వస్తుంది. ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి.

సంచిలోంచి, ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్ తీసి గట్టిగా ఊదుతారు. ముల్లు 250 దగ్గర ఆగుతుంది. బాగున్న రోజైతే 400 దాటేది. చెయ్యి జేబులోని నీలం ఇన్‌హేలర్ మీదికి పోతుంది.

"ఇయ్యాల ఆ పంపు కొట్టకు బిడ్డా. మందు మీద మందైతది."

పెద్దమ్మ మాట తీసెయ్యలేరు. ఇన్‌హేలర్ మళ్లీ జేబులోకి పోతుంది.

మంగళ్‌హాట్, గోషామహల్ దాటి ఆటో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర దింపుతుంది. బారికేడ్ల మధ్య వరస. ముందు హిందీ, వెనక మరాఠీ, నడుమ మీ ఆయాసం. మత్స్యశాఖ కౌంటర్‌లో కొర్రమీను పిల్లను కొంటారు. కవర్‌లోని నీళ్లలో అది తోక ఆడిస్తూనే ఉంటుంది, చిటికెన వేలంత.

"1845 నుంచి ఇస్తున్నరంట. పైసా తీసుకోరు," అంటాడు ముందున్నాయన. ఈ మందు ఇచ్చే బత్తిని వారి ఇల్లు పాతబస్తీలోనే, దూద్‌బౌలిలో. మందులో ఏం కలుపుతారో ఆ కుటుంబం బయటపెట్టదు. జన విజ్ఞాన వేదిక వాళ్లు, హేతువాదులు గట్టిగా అడ్డుతగిలాక చేప మందు కాస్తా చేప ప్రసాదమైంది. పేరు మారింది కానీ వరస ఆగలేదు.

మీ వంతు వచ్చింది. చేప నోట్లో పసుపుపచ్చని ముద్ద పెడతారు. మీరు నోరు తెరుస్తారు. రెండు వేళ్లు గొంతు దాకా వస్తాయి. ఏదో జారుతుంది. కొట్టుకుంటుంది. కళ్లలో నీళ్లు. మింగేశారు.

ఊపిరి తేలికైనట్టుంది! పెద్దమ్మ మొహం వెలిగిపోతుంది. మీటర్ తీసి మళ్లీ ఊదుతారు.

250.

మరి ఈ తేలిక ఎక్కడిది? చేప కదులుతూ కఫాన్ని తోసేస్తుందంటారు. కానీ అది దిగింది అన్నవాహికలో. బిగుసుకున్నవి ఊపిరితిత్తుల్లోని గొట్టాలు. చేప అటు వెళ్లనే లేదు. అలాగని మీకు కలిగిన ఊరట అబద్ధమూ కాదు. అమెరికాలో బోస్టన్ డాక్టర్లు 2011లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. 39 మంది ఉబ్బసం రోగులకు ఒకసారి అసలు ఇన్‌హేలర్, ఒకసారి మందులేని ఇన్‌హేలర్, ఒకసారి చర్మంలో దిగని ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ సూదులు ఇచ్చారు. ఇంకోసారి ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టారు. ఎంత నయమనిపించిందని అడిగితే అసలు మందుకు 50 శాతమన్నారు. ఉత్త ఇన్‌హేలర్‌కు 45, ఉత్తుత్తి సూదులకు 46, ఏమీ ఇవ్వనప్పుడు 21. తర్వాత యంత్రంలోకి ఊదించారు. అసలు మందుతో ఊపిరి సత్తువ 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితోనూ 7 శాతం దగ్గరే. ఊరట మనసు దాకా వచ్చింది, ఊపిరితిత్తులకు అందలేదు. నాకైతే ఇంతకంటే నిజాయితీగల లెక్క కనబడలేదు.

బయటికి దారి తీస్తారు. గేటు దగ్గర జనం. వెనక నుంచి తోపు. దుమ్ము. ఛాతీ బిగుస్తుంది. పిల్లికూతలు పక్కవాళ్లకూ వినిపిస్తున్నాయి. మాట సగంలో తెగుతుంది. మీటర్ 180.

"జర ఓర్చుకో బిడ్డా. చేప పని చేస్తది."

ఓర్చుకుంటారా?

వద్దు. పంపు తీయండి. ఊపండి. ఊపిరి వదలండి. పెదాలు బిగించండి. నొక్కండి. పీల్చండి. ఆపండి. మళ్లీ. మళ్లీ. ఇంకోసారి.

గోడకు ఆనుకుని కూర్చుంటారు. పెద్దమ్మ కొంగుతో విసురుతూ ఉంటుంది. కాసేపటికి మాట పూర్తిగా వస్తుంది. ఊదుతారు. 320. పెద్దమ్మ మీటర్ చేతిలోకి తీసుకుని ముల్లు వంక చూస్తుంది.

"చేపదా, పంపుదా?"

"పంపుదే పెద్దమ్మా."

చేప ప్రసాదానికి వెళ్లాలో వద్దో మీ ఇష్టం. పథ్యం 45 రోజులంటారు, మూడేళ్లు వరసగా రమ్మంటారు. ఆ రోజుల్లో ఒక్కరోజు కూడా డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మానకండి. నాలుగుసార్లు పీల్చినా ఆయాసం తగ్గకపోతే, లేదా పెదాలు నీలంగా మారితే, ఎవరి మాటా వినకుండా 108కి ఫోన్ చేయండి.