పాత సింథసైజర్‌లోని ధ్వనులు: బ్యాటరీ ఆరిపోకముందే కంప్యూటర్‌లో భద్రపరచడం ఎలా?

1980లలో తయారైన సింథసైజర్లలో చాలావాటి లోపల నాణెమంత లిథియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. వాద్యాన్ని ఆపివేసిన తర్వాత కూడా అందులోని ధ్వనులను మెమొరీలో నిలిపి ఉంచేది అదే. ఆ బ్యాటరీ శక్తి కోల్పోయినా వాద్యం మోగుతూనే ఉంటుంది. కానీ, వాద్యకారుడు ఏళ్ల తరబడి కూర్చుకున్న ధ్వనులు మాత్రం చెరిగిపోతాయి.

తయారీదారు అమర్చిన ధ్వనులను మళ్లీ సంపాదించుకోవచ్చు. ఒక కళాకారుడు సొంతంగా తీర్చిదిద్దుకున్న ధ్వనికి మాత్రం మరో ప్రతి ఉండదు. అందుకే, బ్యాటరీ మార్చడానికి ముందే ఆ సమాచారాన్ని కంప్యూటర్‌కు చేర్చడం అవసరం.

మెమొరీలో ఉండేది ఏమిటి?

ఈ తరహా వాద్యాల మెమొరీలో ఉండేది రికార్డు చేసిన శబ్దం కాదు. ఆ శబ్దాన్ని ఎలా పుట్టించాలో తెలిపే అంకెల పట్టిక మాత్రమే. ఒక వంటకానికీ, దాన్ని వండే విధానానికీ ఉన్న తేడా వంటిదే ఇది.

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 ఇందుకు మంచి ఉదాహరణ. దాని అంతర్గత మెమొరీలో 32 ధ్వనులు ఉంటాయి. ఒక్కో ధ్వనికి 128 బైట్ల చొప్పున మొత్తం 4,096 బైట్లు. కంప్యూటర్‌లో ఈ కథనం ఆక్రమించే చోటులో అది సగం కూడా కాదు.

క్యాసెట్ల కాలం

మిడి ప్రమాణం రాకముందు ఈ సమాచారాన్ని ఆడియో క్యాసెట్‌పై దాచేవారు. రోలాండ్ జూపిటర్-8, జూనో-60లలో ఇందుకు ప్రత్యేక సాకెట్లు ఉన్నాయి. వాద్యం తన అంకెలను కీచుమనే శబ్దంగా మార్చి పంపితే, టేప్ రికార్డర్ దాన్ని నమోదు చేసేది. నేడు టేప్ రికార్డర్ స్థానంలో కంప్యూటర్ ఆడియో ఇన్‌పుట్‌ను వాడవచ్చు. అయితే ఆ శబ్దాన్ని వేవ్ ఫైల్‌గానే దాచాలి. ఎంపీ3గా కుదిస్తే అందులోని అంకెలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

భారతీయ సంగీతంలోనూ ఈ తరం వాద్యాలకు స్థానం ఉంది. ముంబయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో లయతో జోడించి వెలువరించిన ఆల్బమ్‌లో జూపిటర్-8తో పాటు రోలాండ్ టీబీ-303, టీఆర్-808 వినిపిస్తాయి. వీటిలో టీబీ-303కు క్యాసెట్ సాకెట్ కూడా లేదు. దానిలో అమర్చుకున్న స్వరక్రమాలను కాగితంపై రాసుకోవడమే మార్గం.

మిడి తెచ్చిన మార్పు

1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-600ను, రోలాండ్ జూపిటర్-6ను ఒక తీగతో కలిపి వాయించి చూపారు. వేర్వేరు సంస్థల వాద్యాలు సంభాషించుకునే మిడి పద్ధతి అలా లోకానికి పరిచయమైంది.

ఈ పద్ధతిలో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్, క్లుప్తంగా సిస్‌ఎక్స్ అనే సందేశం ఉంటుంది. అది 240 అనే సంఖ్యతో మొదలై 247తో ముగుస్తుంది. మొదటి సంఖ్య తర్వాత తయారీదారు గుర్తింపు సంఖ్య వస్తుంది. రోలాండ్‌కు 65, కోర్గ్‌కు 66, యమహాకు 67. తనది కాని సందేశాన్ని వాద్యం పట్టించుకోదు.

కంప్యూటర్‌కు పంపే విధానం

అయిదు పిన్నుల సాకెట్లున్న యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ ఒకటి కావాలి. వాద్యపు మిడి అవుట్‌ను ఇంటర్‌ఫేస్ ఇన్‌కు, వాద్యపు మిడి ఇన్‌ను ఇంటర్‌ఫేస్ అవుట్‌కు కలపాలి. సందేశాన్ని అందుకోవడానికి విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో సిస్‌ఎక్స్ లైబ్రేరియన్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

డీఎక్స్7లో ఫంక్షన్ మీట నొక్కి, 8వ మీటతో సిస్టమ్ సమాచార మార్పిడికి అనుమతి ఇవ్వాలి. అదే మీటను మళ్లీ నొక్కితే పంపాలా అని తెరపై ప్రశ్న వస్తుంది. అవునని చెప్పగానే 32 ధ్వనులూ కలిసి బయలుదేరుతాయి. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు కాబట్టి దీనికి పట్టేది సుమారు 1.3 సెకన్లే.

సరిగా చేరిందని తెలిసేదెలా?

తలా తోకా కలుపుకొని డీఎక్స్7 సందేశం కచ్చితంగా 4,104 బైట్లు ఉండాలి. అంతకన్నా తక్కువైతే సందేశం మధ్యలో తెగిపోయినట్లే. కొన్ని చౌక ఇంటర్‌ఫేస్‌లు పెద్ద సందేశాలను పూర్తిగా దాటించలేవు. కాబట్టి రెండుసార్లు పంపించి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడాలి.

ఫైల్‌ను పరీక్షించేందుకు వెంటనే వాద్యానికి తిప్పి పంపడం మంచిది కాదు. కొత్తగా వచ్చే సమాచారం పాత 32 ధ్వనులనూ చెరిపి వాటి స్థానంలో చేరుతుంది. డీఎక్స్7ను అనుకరించే డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ఆ ఫైల్‌ను తెరిచి వినడం సురక్షితం. ఆ తర్వాతే బ్యాటరీ జోలికి వెళ్లాలి. డీఎక్స్7లో దాన్ని సర్క్యూట్ బోర్డుకు టంకంతో అతికించారు కనుక, ఆ పని తెలిసిన మెకానిక్‌కు అప్పగించడం మేలు. కొత్త బ్యాటరీ అమర్చాక మెమొరీ ప్రొటెక్ట్‌ను తొలగించి ధ్వనులను తిరిగి ఎక్కించవచ్చు.

ఫైల్ ఒక్కటే చాలదు

ఈ ఫైల్ తనంతట తాను మోగదు. దాన్ని చదవడానికి అదే నమూనా వాద్యమో, దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరో ఉండాలి. కాబట్టి ఒక్కో ధ్వనిని కొన్ని స్వరాలతో వాయించి, ఆడియోగా కూడా నమోదు చేసుకోవడం ఉత్తమం. ఫైల్ పేరులో వాద్యపు నమూనా, తేదీ ఉండాలి. ఒక ప్రతిని మరోచోట దాచాలి.

సెకనున్నర పట్టని ఈ పనిని వాయిదా వేస్తే, పోయేది ఒక కళాకారుడు తన చెవితో వెతికి పట్టుకున్న ధ్వని. పోయాక దాన్ని మళ్లీ జ్ఞాపకం నుంచే నిర్మించుకోవాలి.