రక్తము చెప్పు జోస్యము

నాడి పట్టి, నాలుక చూచి, రోగి గట్టెక్కునో లేదో చెప్పుట పూర్వవైద్యుల నేర్పు. నేటి వైద్యుడు వానికి తోడు కొంచెము రక్తమును కూడ అడుగును. ఆ రక్తము ఏమి చెప్పగలదు? ఎంతవరకు చెప్పగలదు? 2020లో కరోనా మహమ్మారి ఈ ప్రశ్నను ప్రతి ఆసుపత్రి ముంగిట నిలిపినది. కాని ఈ కథ అంతకు 90 ఏండ్ల ముందే మొదలైనది.

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తరసిని పరీక్షించిరి. న్యూమోకాకస్ సూక్ష్మజీవి నుండి తీసిన 'సి' అను పదార్థమును అందులో కలుపగా అవక్షేపము ఏర్పడెను. రోగము తీవ్రముగా నున్నప్పుడు అది కనిపించెను. రోగి కోలుకొనగానే మాయమయ్యెను. ఇతర జబ్బులలోను ఇది కానవచ్చెను. ఈ అవక్షేపమునకు కారణమైన మాంసకృత్తునకే సి-రియాక్టివ్ ప్రొటీన్, క్లుప్తముగా సి.ఆర్.పి., అని పేరు.

శరీరమున ఎచ్చటనైన తాపము పుట్టినపుడు రక్షకకణములు ఇంటర్‌ల్యూకిన్-6 అను దూతను పంపును. ఆ కబురందుకొని కాలేయము సి.ఆర్.పి.ని విరివిగా తయారుచేయును. రక్తములో దాని అర్ధాయువు సుమారు 19 గంటలు. కావున తాపము చల్లారినచో దాని మట్టము త్వరలోనే దిగును. ఊరిలో నిప్పంటుకొన్నదని పొగ చెప్పును గాని, ఏ యింటికి అంటుకొన్నదో చెప్పదు. సి.ఆర్.పి. యును అట్టిదే.

రెండవ సూచిక డి-డైమర్. రక్తము గడ్డకట్టునపుడు ఫైబ్రిన్ పోగులు వలవలె అల్లుకొనును. ఆ గడ్డను శరీరము కరగించునపుడు విడివడు తునకయే ఇది. 2020 మార్చిలో 'లాన్సెట్' పత్రిక వూహాన్‌లోని రెండు ఆసుపత్రులలో చేరిన 191 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించినది. వారిలో 137 మంది ఇండ్లకు చేరిరి; 54 మంది మరణించిరి. ఆసుపత్రిలో చేరునాటికి డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామును మించినవారికి అపాయము హెచ్చని తేలినది. వయస్సు మీరినవారికిని అంతే.

ఆ యేడు మే నెలలో వూహాన్ నుండియే మరియొక ప్రకటన వెలువడినది. 485 మంది రోగుల రక్తమును గణనయంత్రముతో పరిశీలించి, సి.ఆర్.పి., లింఫోసైట్లు, ఎల్.డి.హెచ్. అను మూడు సూచికలతో మరణమును 10 రోజులకు పైగా ముందే, నూటికి 90 పాళ్లకు మించి సరిగా చెప్పవచ్చునని పరిశోధకులు తెలిపిరి. కాని నెదర్లాండ్సు, ఫ్రాన్సు, న్యూయార్కు రోగులపై ప్రయోగింపగా ఆ సూత్రము నిలువలేదు. అది ప్రతి రోగి యొక్క కట్టకడపటి రక్తనమూనాతో కట్టబడినది. మరణమునకు చేరువలో తీసిన రక్తము మరణమును సూచించుటలో వింత లేదు. ఆసుపత్రిలో చేరిన దినముననే చెప్పుట కష్టము.

2020 సెప్టెంబరులో బ్రిటిష్ పరిశోధకులు ఇంతకంటె గట్టి పద్ధతిని చూపిరి. 35,463 మంది రోగులతో సూత్రమును కట్టి, వేరే 22,361 మందిపై సరిచూచిరి. అందు రక్తమునుండి తీసుకొన్నవి యూరియా, సి.ఆర్.పి. రెండే. వయస్సు, లింగము, ఇతర వ్యాధుల సంఖ్య, శ్వాసవేగము, ఆక్సిజన్ మట్టము, స్పృహ అనునవి తక్కిన ఆరు. అనగా, వైద్యుడు మంచము ప్రక్క నిలిచి చూచునవే హెచ్చు!

జోస్యము చికిత్సకు దారి చూపినప్పుడే సార్థకమగును. బ్రిటనులోని 'రికవరీ' పరిశోధన, ఆక్సిజన్ తగ్గి, సి.ఆర్.పి. లీటరుకు 75 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్న రోగులను ఎన్నుకొని, ఇంటర్‌ల్యూకిన్-6 సందేశమును అడ్డగించు టోసిలిజుమాబ్ అను మందు నిచ్చినది. మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 35 మంది 28 దినములలో మరణింపగా, మందు పొందినవారిలో 31 మంది మరణించిరి. ఇందొక మెలిక గలదు. కాలేయమునకు కబురే అందదు కనుక, ఈ మందు పొందినవారిలో సి.ఆర్.పి. పడిపోవుట రోగము తగ్గినదనుటకు సాక్ష్యము కాదు.

2021 వేసవిలో మన దేశమున స్వల్పజ్వరము గలవారును ఈ పరీక్షలకై పరుగులిడిరి. తేలికపాటి రోగమునకు ఇవి అనవసరమని నిపుణులు చెప్పవలసివచ్చెను. రక్తములోని అంకె తనంత తాను తీర్పు చెప్పదు. అది వైద్యుని ముందు నిలిచిన సాక్షులలో ఒకటి మాత్రమే.