గడువు దాటిన ఋణము

అప్పు తీసికొనునాడు వడ్డి యెంతయని అందరమును అడుగుదుము. గడువు దాటినచో నేమగునని అడుగువారు అరుదు. ఇల్లు గుల్లయగుట తరచుగా అచ్చటనే ఆరంభమగును. వడ్డి యనునది పరధనమును వాడుకొన్నందులకు ప్రతిఫలము. గడువు మీరినందులకు విధించునది దండుగ. ఈ రెంటిని వేరుపరచి, రెండవదానికి హద్దు గీయవలెనను యత్నమునకు మన దేశమున దీర్ఘచరిత్ర కలదు.

ధనముపై ఒక్కమారుగా గైకొను వడ్డి, అసలుతో కలిసి రెట్టింపును మించరాదని మనుస్మృతి అష్టమాధ్యాయము విధించినది, చక్రవడ్డిని నిషేధించినది. ఈ నియమమునే దామ్‌దుపట్ అను పేర బొంబాయి రాజధానిలోని న్యాయస్థానములు హిందువుల ఋణములకు వర్తింపజేసినవి.

1872 నాటి కాంట్రాక్టు చట్టమును 1899లో సవరించినప్పుడు, 74వ సెక్షనున ఒక ఉదాహరణము చేర్చిరి. ఒకడు 1,000 రూపాయలు నూటికి 12 వడ్డికి తీసికొని, ఆరు మాసములలో తీర్చనిచో నాటినుండి నూటికి 75 చొప్పున ఇచ్చెదనని వ్రాసియిచ్చెను. అట్టి షరతు దండనరూపమైనదనియు, ఋణదాతకు న్యాయస్థానము సమంజసమని తలచిన పరిహారము మాత్రమే లభించుననియు చట్టము తెలిపినది.

1930 తరువాత పంటల ధరలు పడిపోగా, మద్రాసు రాష్ట్రములో చేరియున్న మన ఆంధ్ర జిల్లాల రైతులు వడ్డీల క్రింద నలిగిపోయిరి. రాజగోపాలాచారి మంత్రివర్గము 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినది. 1932 అక్టోబరు 1కి పూర్వపు ఋణములపై, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డి యావత్తు రద్దయినది. అసలునకు రెట్టింపు సొమ్ము అప్పటికే చెల్లించిన రైతు పూర్తిగా ఋణవిముక్తుడయ్యెను.

ఈ పరంపరలోనిదే 2023 ఆగస్టున రిజర్వు బ్యాంకు వెలువరించిన ఉత్తరువు. అప్పుల వాయిదా తప్పినచో బ్యాంకులు రుసుము విధింపవచ్చును గాని, దానిని వడ్డి రేటులో కలుపరాదు. ఆ రుసుముపై మరల వడ్డి కట్టరాదు. క్రెడిట్ కార్డులు ఈ ఉత్తరువు పరిధిలో చేరలేదు. వాటి విషయమున, బాకీ గడువు మీరి మూడు దినములు దాటిన పిమ్మటనే ఆలస్యపు రుసుము వేయవలెననియు, అదియు చెల్లింపక మిగిలిన సొమ్ముపైననే లెక్కింపవలెననియు 2022లోనే ఆదేశించియుండెను.

కార్డుపై కనీసపు మొత్తము మాత్రము చెల్లించినచో ఆలస్యపు రుసుము తప్పును గాని, మిగిలిన బాకీపై వడ్డి తప్పదు. కావున గడువు తేదీని ఇంటి క్యాలెండరుపై గుర్తించుకొనుడు. చెల్లింపలేని స్థితి కలిగినచో, ఆ తేదీకి ముందే ఋణదాతతో మాటలాడుడు. చట్టము దండుగకు హద్దు గీయగలదు. గడువును జ్ఞప్తియందుంచుకొనవలసినది మనమే.